చదివి పెట్టిన సంతకం

పెట్టె మూత పడటం లేదు. ప్రమీలారాణి రెండుసార్లు నొక్కి చూసి, పైనున్న దుప్పటి తీసి మంచం మీద పడేసింది. కాసేపాగి అదే దుప్పటిని మడత మార్చి మళ్ళీ లోపల పెట్టింది. పొద్దున్నుంచి ఈ పని మూడోసారి.

"పదింటికల్లా బయల్దేరాలి," అన్నాడు భవానీప్రసాద్ వరండాలోంచి. "పన్నెండు లోపు రమ్మన్నారు హాస్టలు వార్డెను."

ప్రమీలారాణి మూత మళ్ళీ నొక్కింది.

తులశమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. కొడుకు మాట వినపడినప్పుడల్లా చేతిలో కాయ ఆగుతోంది. మళ్ళీ కదులుతోంది. రెండు రోజులుగా మనవరాలు యశస్విని గదిలోంచి బయటికి రావడం లేదు. తల్లి పళ్ళెం తీసుకెళితే సగం తింటుంది. పిలిస్తే 'ఆఁ' అంటుంది. అంతే.

ఇదంతా మంగళవారం మొదలైంది. నందిగామ కాలేజీలో యశస్వినికి లెక్కలు చెప్పే కిషోర్‌బాబు మాస్టారికి చందర్లపాడు దగ్గర రెండెకరాల మిరప చేను ఉంది. పురుగు మందు కోసం ఆయన జగ్గయ్యపేటలో భవానీప్రసాద్ కొట్టుకు వచ్చాడు. మందు సీసా సంచిలో పెట్టుకుంటూ మామూలుగానే అన్నాడు. అమ్మాయి లెక్కల్లో మూడు పరీక్షలూ తప్పింది, మిమ్మల్ని రమ్మని మూడు కాగితాలు పంపాం, మీకు తీరిక లేనట్టుంది, పోన్లెండి, మీ అమ్మగారైనా సంతకం పెట్టి పంపుతున్నారు, ఆ వయసులో అక్షరాలు భలే గుండ్రంగా ఉన్నాయండీ అని.

కొట్లో అప్పుడు నలుగురు రైతులున్నారు.

"మా అమ్మ వేలిముద్ర మనిషండీ," అన్నాడు భవానీప్రసాద్.

మాస్టారు కాలేజీకి వెళ్ళాక ఆ మూడు కాగితాల ఫోటోలూ ఫోనుకు పంపాడు. సాయంత్రం భవానీప్రసాద్ ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా, ఫోను కూతురి ముందు పెట్టాడు. ఈ దొంగ సంతకం ఎవరు పెట్టారని అడిగాడు.

యశస్విని తల ఎత్తి ఒక్కసారి నాయనమ్మ వైపు చూసింది. తర్వాత నేల వైపు చూసి "నేనే" అంది.

తులశమ్మ చేతిలో మంచినీళ్ళ చెంబు ఉంది. కొడుక్కి ఇవ్వడానికి తెచ్చింది. ఆ చెంబు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. నోరు తెరవాల్సింది అప్పుడే. తెరవలేదు.

మార్కులు రాకపోతే ఊరుకునేవాణ్ణి, చదువురాని ముసలిదాని పేరు దొంగతనంగా రాసే పిల్లని చూస్తూ ఎట్టా ఊరుకోను అన్నాడు భవానీప్రసాద్. ఆ రాత్రే బెజవాడలో హాస్టలున్న కాలేజీ ఒకటి వెతికి మాట్లాడాడు. ఆదివారాలు తప్ప ఫోను ఇవ్వరట. కన్నవాళ్ళు కూడా నెలకోసారే చూడాలట. ఆ మాట అతను మెచ్చుకోలుగా చెప్పాడు.

పెట్టె మూత చివరికి పడింది. ప్రమీలారాణి దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"ఏవండీ," అంది, వరండాకు వినపడేటట్టు. "ఒక్క మాట అడుగుతా. కోప్పడకండి."

"అడుగు."

"కొట్టుకి ఎవరైనా రైతు ముడుచుకుపోయిన ఆకు తెస్తే అరగంట అడుగుతారు. నీళ్ళెప్పుడు పెట్టావు, ఏం మందు కొట్టావు, పక్క చేలో ఏమేశారు అని. పిల్ల మూడుసార్లు తప్పింది. ఎందుకు తప్పావని ఒక్కసారన్నా అడిగారా?"

భవానీప్రసాద్ చేతిలో పేపరు తిరగేశాడు. "ఆకు అబద్ధం చెప్పదు," అన్నాడు.

తులశమ్మ చాటలో కాయలు చూసుకుంటూ ఉండిపోయింది.

అబద్ధం చెప్పే పిల్లేనా అది? పదో తరగతి దాకా ఆ పిల్ల బడి నుంచి వస్తుంటే వీధి చివర్నుంచే తెలిసేది. గేటు తీస్తూనే మొదలుపెట్టేది. ఎవరి డబ్బాలో ఏం కూర తెచ్చారో, ఏ టీచరు ఎవర్ని బెంచీ ఎక్కించిందో, బస్సులో ఎవరు వాంతి చేసుకున్నారో, బూట్లు విప్పుతూ చెప్పేది, కాళ్ళు కడుక్కుంటూ చెప్పేది. అన్నం కలిపి నోట్లో పెడితే ముద్ద బుగ్గన పెట్టుకుని చెప్పేది. కాస్త మింగి చెప్పవే అని ప్రమీలారాణి బతిమాలేది. ఆ మాటలన్నీ విని విని తులశమ్మకు ఆ తరగతిలో పిల్లలందరి పేర్లూ వచ్చేశాయి. ఎవరన్నా రెండు రోజులు రాకపోతే, ఆమని కులాసానేనా, జ్వరం తగ్గిందా అని అడిగేది.

ఆ మాటలు ఆగిపోయిన రోజు కూడా ఇంట్లో అందరికీ గుర్తే. బస్సు నడిపే అతను ఫోను చూసుకుంటూ నడుపుతున్నాడని యశస్విని అన్నం తింటూ చెప్పింది. మర్నాడు భవానీప్రసాద్ కారేసుకుని వెళ్ళి, చిల్లకల్లు దగ్గర హైవే మీద ఆ బస్సుకు అడ్డం పెట్టాడు. పిల్లలందరూ కిటికీల్లోంచి చూస్తుండగా డ్రైవర్ని కిందికి దింపాడు. అతను చేసింది తప్పని ఎవరూ అనలేరు. కానీ ఆ తర్వాత నెల రోజులు, యశస్విని బస్సెక్కితే చాలు, ఎవరో ఒకరు 'మీ నాన్న కారొస్తోందే' అని నవ్వేవాళ్ళు. ఆ పిల్ల ఇంటికొచ్చి ఆ మాట తండ్రికి చెప్పలేదు. అది మొదలు ఏ మాటా చెప్పలేదు.

తులశమ్మకు మాత్రం చెప్పేది. దానికి కారణం ఉంది. వాళ్ళిద్దరి మధ్యా మూడేళ్ళ నాటి రహస్యం ఒకటుంది.

తులశమ్మ కాపురానికొచ్చిన కొత్తలో చందర్లపాడు పక్కన పల్లెలో వయోజన విద్య బడి పెట్టారు. ఒక పలక, రెండు బలపాలు ఉచితంగా ఇచ్చారు. నాలుగు రోజులు వెళ్ళింది. అ, ఆ, ఇ, ఈ దాకా వచ్చింది. అయిదో రోజు ఆమె మగడు ఆ పలక చూసి నవ్వాడు. కోప్పడినా బాగుండేది. "కలెక్టరవుతావా ఏంది," అని నవ్వుతూ పక్కింటివాళ్ళని కూడా పిలిచి చూపించాడు. అయినా ఆయన మంచివాడే. ఎన్నడూ చెయ్యి చేసుకోలేదు. మున్నేటి అవతల సంతకు వెళితే ఆమె కోసం జీళ్ళు తేకుండా రాడు. ఆ పలక మాత్రం మజ్జిగ కుండకు మూత అయింది. చాలా ఏళ్ళు ఆ కుండ మీదే ఉంది. మూత తీసినప్పుడల్లా ఆమె దాన్ని బోర్లా పెట్టేది.

ఆయన పోయాక పొలం కాగితాలనీ, పింఛననీ పదీ పన్నెండు చోట్ల వేలిముద్ర వేయించారు. బొటనవేలికి అంటిన ఆ రంగు కొబ్బరి పీచుతో రుద్దినా వదల్లేదు. చిన్నపిల్ల యశస్విని ఆ వేలు పట్టుకుని, నీకు దెబ్బ తగిలిందా నాయనమ్మా అని అడిగింది. ఆ పిల్లే ఏడో తరగతి సెలవుల్లో, ఇంట్లో పడున్న మందుల అట్టపెట్టెల మీద అక్షరాలు చూపించి నేర్పింది. ముందు బొమ్మ చూపించేది. పుర్రె బొమ్మ కింద ఉన్న మాట కూడబలుక్కుని తులశమ్మ మొదటిసారి చదివిన మాట 'విషము'.

"అందరూ అమ్మ, ఆవు అని నేర్చుకుంటారు. నువ్వేమో విషంతో మొదలెట్టావు," అని ఆ పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు వేరు. ఆ నవ్వుకు తులశమ్మ కూడా నవ్వింది. అయినా కొడుక్కీ కోడలికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. అరవై మూడేళ్ళ వయసులో ఓనమాలు దిద్దుతోందంటే ఎవరేమంటారో అని సిగ్గు.

మొదటి కాగితం సెప్టెంబరులో వచ్చింది. యశస్విని దాన్ని పెరట్లోకి తెచ్చి, పెన్ను కూడా ఇచ్చింది. తులశమ్మ సంతకం పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"చదివి పెట్టు నాయనమ్మా. చదవకుండా పెడితే నేను తీసుకోను."

తులశమ్మ వేలు పెట్టుకుని పావుగంట చదివింది. లెక్కల్లో తప్పిందని ఉంది. తండ్రి స్వయంగా వచ్చి కలవవలెను అని ఉంది. ఎందుకు కలవకూడదని ఆమె అడిగింది. నాన్న కలిస్తే మాట్లాడటం ఉండదు, కారు అడ్డం పెట్టడమే ఉంటుంది, నెల రోజులాగు, నేనే చెప్తా అంది పిల్ల. తులశమ్మ తన పేరు రాసింది. కాగితం మీద ఆమె మొదటి సంతకం అది. ఆ సంతోషంలో మిగతా సంగతి వెనక్కి పోయింది. నెల రోజులు మూడు నెలలయ్యాయి.

వరండాలో కుర్చీ జరిగిన చప్పుడైంది. భవానీప్రసాద్ లోపలికొచ్చి, పేపరు బల్ల మీద పడేసి, పెట్టె ఎత్తి చూశాడు. "తొమ్మిదిన్నరైంది. దాన్ని తయారవమను."

తులశమ్మ చాట పక్కన పెట్టి లేచింది. చేతులు పమిట చెంగుకు తుడుచుకుంది.

"ఆ సంతకం దొంగది కాదురా, ప్రసాదూ," అంది. "నాదే."

భవానీప్రసాద్ ఆమె వైపు సరిగ్గా చూడనైనా లేదు. మనవరాల్ని కాపాడటానికి నువ్వేదో ఒకటి చెప్తావు, నువ్వు మధ్యలోకి రాకమ్మా అన్నాడు. ఆమె బల్ల దగ్గరికి వెళ్ళింది. హాస్టల్ దరఖాస్తు పక్కనే పేపరు ఉంది. దాని అంచున ఉన్న తెల్లటి జాగాలో, వంగి, తన పేరు రాసింది. 'శ' దగ్గర ఎప్పటిలాగే కొంచెం ఆగింది. ఆగిన చోట సిరా చుక్క పడింది.

ప్రమీలారాణి లేచి వచ్చి చూసింది. భవానీప్రసాద్ ఫోను తీసి, మాస్టారు పంపిన ఫోటోలు పక్కన పెట్టాడు. మూడు కాగితాల మీదా 'శ' దగ్గర అదే చుక్క.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"మూడేళ్ళయింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నవ్వుతావేమోనని."

"నేనెందుకు నవ్వుతానమ్మా?"

"మీ నాన్న నవ్వాడుగా," అంది తులశమ్మ. మనవరాలి గది వైపు చెయ్యి చూపించింది. "అది నాతో మోసంగా ఏమీ పెట్టించుకోలేదు. చదివి పెట్టమంది. చదివే పెట్టా. తండ్రి వచ్చి కలవాలని రాసుంది. అదీ చదివా. నీకు చెప్పనిది నేను. నేను సిగ్గుపడతానని అది నేరం నెత్తినేసుకుంది."

అంటే ఇంట్లో అందరూ కలిసి నన్ను వెర్రివాణ్ణి చేశారన్నమాట అన్నాడు భవానీప్రసాద్. కోపం కూతురి మీద నుంచి తల్లి మీదికి మళ్ళింది. ప్రమీలకు ఏమీ తెలియదని తులశమ్మ చెప్పింది. ఆ మాటతో ఇంకొక గాయం బయటపడింది.

"నాకైనా చెప్పాల్సింది అత్తయ్యా," అంది ప్రమీలారాణి. "నేను కన్నతల్లిని." అని మొహం తిప్పుకుని పెట్టె దగ్గరికి వెళ్ళిపోయింది. పదిహేడేళ్ళుగా అత్తా కోడళ్ళ మధ్య ఒక్క మాట తేడా రాలేదు. ఇప్పుడు వచ్చింది.

భవానీప్రసాద్ పేపరు అంచున ఉన్న పేరు వైపే చూస్తున్నాడు. ఉన్నట్టుండి తల ఎత్తాడు.

"అయితే ఇంట్లో కాగితాలన్నీ చదువుతున్నావా?"

"కనపడినవి చదువుతా."

"బీరువాలోయి?"

తులశమ్మకు అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం వీలుంది. ఆ క్షణం గడిచిపోనిచ్చింది.

"అయ్యీ చదివా," అంది.

భవానీప్రసాద్ మొహం రంగు మారింది. నలభై ఆరేళ్ళ మనిషి, జగ్గయ్యపేటలో పదిమందికి సలహా చెప్పే మనిషి, పన్నెండేళ్ళ పిల్లవాడిలా కళ్ళు దించుకున్నాడు.

రెండేళ్ళ కిందట ఆధార్ కార్డు కోసం బీరువా వెతుకుతుంటే అతని పాత సర్టిఫికెట్ల సంచిలో ఆమెకు ఒక అట్ట దొరికింది. ఏడో తరగతి మార్కుల అట్ట. ఎర్ర సిరాతో అంకెలు, కింద 'లెక్కలలో చాలా వెనుకబడినాడు' అని. దాని కింద తన వేలిముద్ర. ఆ రోజు ఆమెకు బాగా జ్ఞాపకం. గేదెకు పాలు తీస్తుంటే కొట్టంలోకి పరిగెత్తుకొచ్చాడు. ఫస్టొచ్చానమ్మా, ఇక్కడ వేలెయ్యి అన్నాడు. తన పెన్నులో సిరా వేలికి పూశాడు. ఆమె రోజంతా ఆ నీలం మరక కడుక్కోలేదు. వేరుశనగ పప్పుండలు చేసి వీధి వీధంతా పంచింది.

ఆ అట్ట చదివిన రోజు ఆమెకు అన్నం సయించలేదు. పప్పుండలు తిన్నవాళ్ళందరి మొహాలూ గుర్తొచ్చాయి. చాలా రోజులకు గాని ఇంకో సంగతి తోచలేదు. వాడు నిజమే చెప్పి ఉంటే తనేం చేసేది? మగడు పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కునే లోపే ఆయన చెవిన వేసేది. ఆ సంగతి ఆ పిల్లవాడికి తెలుసు. అందుకే చదువురాని తల్లిని వెతుక్కుంటూ కొట్టంలోకి వచ్చాడు. యశస్విని అయితే ముందు అక్షరాలు నేర్పి, ఆ తర్వాత కాగితం ఇచ్చింది.

ఆ అట్ట మాట ఎవరితోనూ అనకూడదని తులశమ్మ ఆనాడే అనుకుంది. ఇప్పుడూ అనలేదు.

"అది ఎప్పుడో పారేశాననుకున్నా," అన్నాడు భవానీప్రసాద్, నెమ్మదిగా.

"ఏది?" అంది ప్రమీలారాణి.

అతను చెప్పులు విడిచి కూతురి గది వైపు నడిచాడు. ఆ తలుపుకు లోపలి గడియ లేదు. పదో తరగతి పరీక్షలప్పుడు అతనే ఊడదీయించాడు. చదువుతోందో లేదో చూడాలనిపించినప్పుడల్లా తోసుకుని లోపలికి వెళ్ళేవాడు. ఇవాళ తలుపు ముందు ఆగాడు. వేళ్ళతో రెండుసార్లు తట్టాడు.

"యశూ."

లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.

"ఏడో తరగతిలో నాకు లెక్కల్లో తొమ్మిదొచ్చినయ్యి," అన్నాడు.

పెట్టె పట్టీ బిగిస్తున్న ప్రమీలారాణి చెయ్యి ఆగింది. తర్వాత లోపల మంచం కిర్రుమంది.

"ఎంతకి?" అంది యశస్విని. రెండు రోజుల తర్వాత ఆమె నోట 'ఆఁ' కాకుండా వచ్చిన మొదటి మాట అది.

"యాభైకి."

"తాతయ్య ఏమన్నాడు?"

"తాతయ్యకి తెలియనివ్వలేదు. ఫస్టొచ్చానని చెప్పి నాయనమ్మ చేత వేలిముద్ర వేయించా."

ఆ మాట కొడుకు నోట వింటే మనసు తేలికవుతుందని తులశమ్మ ఎప్పుడో అనుకుంది. తేలిక కాలేదు. వెళ్ళి వాడి నోరు మూసి, చాల్లే నాయనా అనాలనిపించింది. నిలబడిన చోటే ఉండిపోయింది.

తలుపుకు ఆవలి వైపు అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఆ పిల్ల దానికి వీపు ఆనించి కూర్చున్నట్టుంది. గొంతు కింద నుంచి వచ్చింది.

"నాన్నా, నేను తప్పింది లెక్కలు రాక కాదు. ఆ క్లాసుకి వెళ్ళడం మానేశా. ఎందుకు మానేశానో నాయనమ్మక్కూడా చెప్పలేదు."

తులశమ్మ తలుపు వైపు ఒక అడుగు వేసింది. మూడు కాగితాలు చదివింది తను, ప్రతి అక్షరం కూడబలుక్కుని. ఎందుకు తప్పావని తను కూడా అడగలేదు.

భవానీప్రసాద్ చెయ్యి అలవాటు కొద్దీ తలుపు మీదికి వెళ్ళింది. తోయబోయి వెనక్కి తీసుకున్నాడు. తలుపు ముందు నేల మీద కూర్చున్నాడు.

"చెప్పమ్మా," అన్నాడు.

"చెప్తే నువ్వు ఊరుకోవు. ఇప్పుడే నందిగామ వెళ్ళిపోతావు. నీకు కోపం రావద్దని నేననను నాన్నా. వస్తుంది. కానీ అంతా విని, ఏం చెయ్యాలో నన్నడిగి చెయ్యి. కారు తాళాలు ముందు అమ్మకియ్యి. అప్పుడు చెప్తా."

ప్రమీలారాణి పెట్టె దగ్గర్నుంచి లేచి వచ్చింది. భర్త ముందు చెయ్యి చాపింది.

భవానీప్రసాద్ చొక్కా జేబులోంచి తాళాలు తీశాడు. చాపిన చేతి వైపు చూశాడు, మూసి ఉన్న తలుపు వైపు చూశాడు. నందిగామలో తన కూతురికి ఏం జరిగిందో అనే ఆలోచన అప్పుడే మొదలై, మెడ మీద నరం ఉబ్బుతోంది. తాళాలు ఇంకా అతని గుప్పిట్లోనే ఉన్నాయి.